అద్దె ఇంటి కొలను: కారే నీరు, జారే బాధ్యత

2024 నవంబరు 17న మంగళూరు సమీపంలోని సోమేశ్వర తీరంలో ఒక రిసార్టు ఈత కొలనులో ముగ్గురు యువతులు మునిగి మరణించారు. మైసూరు నుంచి వారాంతపు విహారానికి వచ్చినవారు వారు. ఒకరు లోతులోకి జారగా, ఆమెను కాపాడబోయి రెండవవారు, ఆ ఇద్దరి కోసం ముందుకు వెళ్లి మూడవవారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొలను వద్ద రక్షకుడు లేడు; లోతు తెలిపే గుర్తులు లేవు. ప్రమాదం జరిగిన తరువాత రిసార్టుకు తాళం పడింది, యజమాని అరెస్టయ్యాడు. అంతకు పదకొండు నెలల ముందు, 2023 డిసెంబరులో, బెంగళూరులోని ఒక అపార్టుమెంటు సముదాయపు కొలనులో ఒక బాలిక మరణించింది. తొలుత అది మునక అనుకున్నారు. విద్యుద్ఘాతమే కారణమని ఆపై పరీక్షలలో తేలగా, కొలను నిర్వహణతో సంబంధం ఉన్నవారిని పోలీసులు అరెస్టు చేశారు.

ఈ రెండు చోట్లా పేరుకైనా ఒక కార్యాలయం, ఒక నిర్వాహకుడు ఉన్నారు. వారిని నిలదీయడానికి, కనీసం కేసు పెట్టడానికి వీలు కలిగింది. కాని ఆ పాటి నిర్వాహకుడు కూడా లేని కొలనులు దేశంలో ఏటేటా పెరుగుతున్నాయి. అవి అద్దెకిచ్చే ఇళ్లలోని కొలనులు. హైదరాబాదు చుట్టూ మొయినాబాద్, చేవెళ్ల, శామీర్‌పేట, శంషాబాద్ ప్రాంతాల్లోని ఫాంహౌసులు, ముంబయి వాసులు వెళ్లే లోనావలా, అలీబాగ్ బంగళాలు, ఉత్తర గోవాలోని విల్లాలు ఇందుకు నిదర్శనాలు. యజమాని నగరంలోనో విదేశంలోనో ఉంటాడు. తాళం చెవులు వాచ్‌మన్ దగ్గర ఉంటాయి. మోటారు ఎప్పుడో ఒకసారి వచ్చే మెకానిక్ చేతిలో ఉంటుంది. అద్దెకు దిగినవారు రెండు రోజులకో రెండేళ్లకో వచ్చిపోయేవారు. కొలనులో నీరు తగ్గుతున్నదని వీరిలో ఎవరికి ముందు తెలియాలి? తెలిసినవారు ఎవరికి చెప్పాలి? చెప్పిన తరువాత ఎవరు మూయించాలి? ఈ మూడు ప్రశ్నలకూ ఇప్పటి ఏర్పాట్లలో సూటి సమాధానం లేకపోవడమే అసలు సమస్య.

ఈత కొలను ఉన్న ఇల్లు సామాన్యుడి గొడవ కాదు కదా అని కొందరికి అనిపించవచ్చు. ఆ అభిప్రాయం సరికాదు. పుట్టిన రోజుకో, పెళ్లి చూపులకో, పాత మిత్రుల కలయికకో పదిమంది చందాలు వేసుకుని ఒక రోజుకు ఫాంహౌస్ తీసుకోవడం మధ్యతరగతి కుటుంబాలలో మామూలైపోయింది. ఆ పదిమందిలో ఈత వచ్చినవారు ఇద్దరుంటే ఎక్కువ. ఇక ఆ ప్రాంగణంలోనే ఒక గదిలో కాపురముండే వాచ్‌మన్ పిల్లల మాట చెప్పనక్కరలేదు. వారికి ఆ కొలను ఏడాది పొడుగునా గడప ముందరి గొయ్యి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు మూడు లక్షల మంది నీట మునిగి మరణించారు. వారిలో దాదాపు నాలుగోవంతు అయిదేళ్ల లోపు పసివారు. మన దేశంలో 2022లో నీట మునిగి మరణించినవారు 38 వేలకు పైగా ఉన్నట్లు జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసింది. వీరిలో అధికులు నదులలో, చెరువులలో, బావులలో మరణించినవారే. కాని నదిని ఎవరూ అద్దెకివ్వరు. డబ్బు తీసుకుని అప్పగించిన కొలనులో జరిగే మరణానికి విధిని నిందించడం తగదు.

కారడం చిన్న విషయం కాదు

కొలను కారుతున్నదంటే నీరు వృథా అవుతున్నదనే అందరూ అనుకుంటారు. ఆ వృథా కూడా తక్కువేమీ కాదు. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న కొలనులో మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే 320 లీటర్లు పోయినట్లు. వేసవి ఎండకు రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరి కావడం సహజం. అంతకు మించి మరో రెండు సెంటీమీటర్లు తగ్గుతుంటే రోజుకు 640 లీటర్లు, నెలకు 19 వేల లీటర్లకు పైగా భూమిలోకి పోతున్నట్లు లెక్క. అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు నాలుగు. 2024 మార్చిలో బెంగళూరు నీటి సరఫరా బోర్డు ఈత కొలనులకు తాగునీరు వాడకూడదని నిషేధించి, ఉల్లంఘించినవారికి అయిదు వేల రూపాయల జరిమానా విధించవలసి వచ్చింది. బిందె నీటి కోసం బారులు తీరిన నగరం పక్కనే కొలను కింది మట్టి నెలల తరబడి తడుస్తూ ఉండడం ఏ విధంగా చూసినా సమర్థనీయం కాదు.

అయితే నీటి నష్టం కంటే గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. కారే కొలను ప్రమాదకరమైన కొలనుగా మారడానికి ఎంతో కాలం పట్టదు. మట్టం తగ్గినకొద్దీ కొత్త నీరు పోస్తూ పోతే అందులోని క్లోరిన్ పలచబడుతుంది. నీరు మసకబారుతుంది. అడుగు కనిపించని నీటిలో మునిగిన పిల్లవాడు గట్టున నిలబడిన తండ్రికి కూడా కనిపించడు. నీటి అడుగు దీపం అమర్చిన గూటి చుట్టూ ఊట ఉంటే, ఆ నీరు వైర్ల గొట్టంలోకి చేరుతుంది. గట్టు కింద మట్టి కొట్టుకుపోతే పైన పలకలు లేస్తాయి, కాలు జారుతుంది.

అన్నిటికంటే తక్కువగా తెలిసిన ప్రమాదం మోటారు పీల్పు వల్ల కలిగేది. కొలను అంచున చెత్తను లాగే నోరు ఒకటి, అడుగున నీటిని లాగే జాలీ ఒకటి ఉంటాయి. మట్టం అంచు నోటికంటే కిందికి పోతే మోటారు గాలి పీల్చి మొరాయిస్తుంది. అది ఆగిపోకుండా ఉండడానికి వాచ్‌మన్ అంచు వైపు వాల్వు మూసివేస్తాడు. అప్పుడు మోటారు బలమంతా అడుగు జాలీ మీదనే పడుతుంది. ఆ జాలీ విరిగి ఉన్నా, ఊడి ఉన్నా, అక్కడికి చేరిన పిల్లల జుట్టు, చేయి, ఒంటిమీది బట్ట అందులో చిక్కుకుంటుంది. పెద్దలు లాగినా రాదు. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనుమరాలు, ఏడేళ్ల వర్జీనియా గ్రేమ్ బేకర్, 2002లో వేడినీటి తొట్టిలో ఈ విధంగానే మరణించింది. ఆ బాలిక పేరుతోనే 2007లో అక్కడ చట్టం వచ్చింది. చిక్కుకోవడానికి వీలులేని జాలీలను సామూహిక కొలనులన్నిటికీ ఆ చట్టం తప్పనిసరి చేసింది.

లీకును కనిపెట్టడం ఎలా?

కొలను కారుతున్నదీ లేనిదీ తేల్చుకోవడానికి పెద్ద నిపుణుడు అవసరం లేదు. ఒక బకెట్టు చాలు. దానిని కొలను నీటితోనే నింపి, నీటిలో మునిగే మెట్టు మీద కదలకుండా ఉంచాలి. బకెట్టు లోపలి మట్టం వద్ద ఒక గుర్తు, బయట కొలను మట్టం వద్ద ఒక గుర్తు పెట్టాలి. ఇరవై నాలుగు గంటల పాటు ఎవరూ దిగకుండా, నీరు పోయకుండా చూడాలి. రెండూ ఒకే ఎండకు, ఒకే గాలికి ఉన్నవి కనుక ఆవిరి రెండింటా సమానమే. బకెట్టుకంటే కొలనులో ఎక్కువ తగ్గితే కారుతున్నదని అర్థం. వాన పడిన రోజున ఈ పరీక్ష చెల్లదు. తగ్గిన నీటిని దానంతట అదే నింపే వాల్వు ఉంటే దానిని ముందుగా మూయాలి. ఇటువంటి వాల్వు ఉన్నచోట లీకు నెలల తరబడి బయటపడదు. నీటి బిల్లు మాత్రమే పెరుగుతుంది.

ఇదే పరీక్షను మోటారు నడుస్తుండగా ఒకసారి, ఆపి ఒకసారి చేస్తే లోపం ఎక్కడిదో కొంత తెలుస్తుంది. నడుస్తున్నప్పుడు ఎక్కువ తగ్గితే శుద్ధి అయిన నీటిని తిరిగి కొలనుకు పంపే గొట్టాలను అనుమానించాలి. ఆపినప్పుడు ఎక్కువ తగ్గుతూ, నడిచేటప్పుడు నీటితోపాటు గాలి బుడగలు వస్తుంటే పీల్చే వైపు గొట్టాలను చూడాలి. రెండు వేళలా ఒకే తీరుగా తగ్గితే గోడలు, అడుగు, దీపం గూళ్లు, జాలీల చుట్టూ వెదకాలి. నీరు ఒక మట్టం దగ్గరకు వచ్చి తగ్గడం ఆగిపోతే లోపం ఆ మట్టంలోనే ఉండే అవకాశం ఎక్కువ. మోటారు ఆపి నీరు నిలకడగా ఉన్నప్పుడు అనుమానం ఉన్న పగులు దగ్గర రెండు చుక్కల రంగు నీరు వదిలితే, అది పగులులోకి లాక్కుపోవడం కంటికి కనిపిస్తుంది. ఆపైన గొట్టాలను ఒత్తిడితో పరీక్షించడం పనివారి వంతు.

ఈ పరీక్షలలో రెండు హెచ్చరికలు మరువరాదు. మొదటిది, దీపం గూటి దగ్గరకో జాలీ దగ్గరకో చేయి పోనివ్వడానికి ముందు కొలనుకు సంబంధించిన విద్యుత్తును మెయిన్ వద్దనే ఆపాలి. నీటిలో చేయి పెట్టగానే జిల్లుమన్నా, ఇనుప నిచ్చెనను తాకినప్పుడు షాకు తగిలినా, అది చిన్న విషయమని తీసిపారేయక తక్షణం అందరినీ దూరంగా పంపాలి. షాకు తగిలినవారిని కాపాడాలన్న తొందరలో నీటిలోకి దూకితే మరో ప్రాణం పోతుంది. ముందుగా కరెంటు ఆపాలి. రెండవది, లీకు వెదకడానికి కొలనును పూర్తిగా తోడించవలసిందేనని పట్టుపట్టే పనివారి మాట వెంటనే వినరాదు. వానాకాలంలో, ఆ తరువాత కొన్నాళ్లూ భూగర్భ జలాలు పైకి ఉంటాయి. లోపల నీటి బరువు లేకపోతే కింది నీరు తొట్టిని పైకి తోస్తుంది. చిన్న లీకు కోసం తోడించిన కొలను నిలువునా పగలడం జరగరానిదేమీ కాదు.

చట్టం చెప్పేది, చెప్పనిది

లోపం ఉన్నదని తెలిశాక బాగు చేయించవలసినవారు ఎవరు? నూట నలభై ఏళ్లకు పూర్వమే మన చట్టాలు దీనికి కొంత జవాబు చెప్పాయి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అద్దెదారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్య లోపం తనకు తెలిసి ఉంటే యజమాని దానిని ముందే వెల్లడించాలి. తాను చేయించవలసిన మరమ్మతును నోటీసు అందిన తరువాత తగిన వ్యవధిలో చేయించకపోతే, అద్దెదారు చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో అద్దెలో మినహాయించుకోవచ్చు. వచ్చిన లోపాన్ని దాచి, ఇంటిని పాడుచేసే హక్కు అద్దెదారుకూ లేదు. అదే ఏడాది వచ్చిన ఈస్‌మెంట్ల చట్టంలోని 57, 58 సెక్షన్లు మరో అడుగు ముందుకు వేశాయి. కొద్దికాలం వాడుకోవడానికి అనుమతి ఇచ్చినవాడు సైతం ప్రాణానికి ముప్పు తెచ్చే లోపాన్ని తెలియజేయాలి. ఆస్తిని ప్రమాదకరంగా మార్చకూడదు. రెండు రోజుల అతిథి విషయంలోనూ న్యాయం ఇదే కావాలి.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంకా స్పష్టంగా పనులను విభజించింది. కట్టడపు మరమ్మతులు, గొట్టాల మార్పు, ఇంటి లోపలా బయటా వైరింగు యజమాని వంతు. కుళాయి వాషర్లు, స్నానపు తొట్టి, గీజరు, స్విచ్చులు, అద్దెదారు వాడుకునే తోట మొదలైన వాటి నిర్వహణ అద్దెదారు వంతు. యజమాని బాధ్యత విస్మరిస్తే నెలకు సగం అద్దెకు మించకుండా ఖర్చును మినహాయించుకునే వీలు కల్పించింది. నివాసయోగ్యం కాకపోతే పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయవచ్చునని చెప్పింది. కాని ఇది నమూనా మాత్రమే. రాష్ట్రాలు చట్టం చేస్తేనే అమలులోకి వస్తుంది. పైగా గీజరును, తలుపు గొళ్లేన్ని పేరు పేరునా చెప్పిన ఆ పట్టికలో ఈత కొలను ప్రస్తావన లేదు. కొలను కట్టడం యజమానిది, శుభ్రత అద్దెదారుది అని ఊహించుకోవచ్చు. మరి మోటారు, జాలీ, దీపం ఎవరివి? ప్రమాదం జరిగినప్పుడు ఈ సందిగ్ధమే ప్రతి పక్షానికీ కవచమవుతున్నది.

నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే శిక్షించడానికి భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ ఉన్నది. అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. కాని అది మరణం తరువాతి మాట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు కొత్త కాదు. మంగళూరు ఘటన తరువాత ఆ రిసార్టుకు పడిన తాళం ముందురోజే పడి ఉంటే ముగ్గురు బతికి ఉండేవారు.

ఇతర దేశాలు ఈ విషయంలో మరణం దాకా ఆగలేదు. ఫ్రాన్సు 2003 జనవరిలో చేసిన చట్టం ప్రైవేటు కొలనులకు కంచె, అలారం, మూత, కప్పు అనే నాలుగింటిలో ఒక రక్షణ తప్పనిసరి చేసింది. గమనించవలసిన సంగతి ఏమంటే, పాత కొలనులలో సెలవుల అద్దె ఇళ్లకు 2004 మే నుంచే వర్తింపజేసి, మిగిలిన వాటికి 2006 దాకా గడువిచ్చింది. కొత్తగా వచ్చినవారికి ఆ ఇల్లు, ఆ లోతు తెలియవు కనుక ముప్పు వారికే ఎక్కువన్న వివేకం అందులో ఉన్నది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో కొలను ఉన్న ఇంటిని అద్దెకివ్వాలంటే 2016 నుంచి కంచె, గేటు నిబంధనలకు అనుగుణంగా ఉన్నట్లు ధ్రువపత్రం చూపవలసిందే. మనకు అంతటి యంత్రాంగం లేదని వాదించవచ్చు. ఇంటి పన్ను వసూలుకు, నీటి కనెక్షన్‌కు, పర్యాటక నమోదుకు ఉన్న యంత్రాంగం దీనికి చాలదా? గోవాలో పర్యాటకులకు ఇల్లు అద్దెకివ్వాలంటే 1982 నాటి చట్టం కింద నమోదు చేయించుకోవాలి. ఆ దరఖాస్తుకు కొలను భద్రతా పత్రం ఒకటి జతచేయమనడం అసాధ్యమేమీ కాదు.

చేయవలసినవి

చేయవలసినవి కొన్నే, ఖరీదు కూడా అసలు కొలను నిర్మాణంతో పోలిస్తే స్వల్పం. కొలనుకు నాలుగు వైపులా పిల్లలు ఎక్కలేని కంచె, దానంతట అదే మూసుకునే గేటు ఉండాలి. ఇంటి గోడనే ఒక వైపు కంచెగా లెక్కించడం పనికిరాదు. పసివాడు కొలను దగ్గరకు వచ్చేది ఇంటి తలుపులో నుంచే. అడుగున పీల్చే జాలీలు ఒకటికి బదులు దూరదూరంగా రెండు ఉండాలి, విరగనివై ఉండాలి. విద్యుత్తు లీకయిన క్షణంలో సరఫరాను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ పరికరం తప్పనిసరి కావాలి. నీటిలోని దీపాలు 12 వోల్టులకు మించకూడదు. లోతు అంకెలు గట్టు మీద తెలుగులో, స్థానిక భాషలో, పెద్దగా రాయించాలి. పొడవాటి కర్ర, తాడు కట్టిన తేలే చక్రం చేతికి అందేచోట ఉండాలి. మోటారు ఆపే స్విచ్చి ఎక్కడున్నదో వచ్చిన వారికి మొదటి గంటలోనే చూపించాలి.

ఇక ఒప్పందపత్రం. ఇల్లు రెండు రోజులకైనా రెండేళ్లకైనా, కొలను స్థితిని ఇద్దరూ కలిసి చూసి ఒక కాగితం మీద రాసుకోవాలి: నీటి మట్టం, జాలీలు, దీపాలు, గేటు, చివరిసారి విద్యుత్ పరీక్ష జరిగిన తేదీ. లోపం కనిపించినప్పుడు నోటిమాటతో సరిపెట్టక, తేదీతో, ఫొటోతో రాతపూర్వకంగా తెలియజేయాలి. తెలియజేసిన క్షణం నుంచి బాగయ్యేదాకా కొలను మూతపడాలి. ఆ నష్టం ఎవరు భరించాలన్న తగాదా తరువాత తీర్చుకోవచ్చు. వాచ్‌మన్‌కు కొలను మూసే అధికారం కూడా ఆ కాగితంలోనే రాసి ఇవ్వాలి. అతిథులు కోప్పడతారని, యజమాని జీతం కోస్తాడని భయపడే మనిషి చేతిలో తాళం ఉన్నా అది పడదు.

అద్దెదారులు కూడా తమ వంతు గుర్తించాలి. మద్యం సేవించి నీటిలోకి దిగడం, పదేళ్ల పిల్లకు అయిదేళ్ల తమ్ముణ్ణి అప్పగించి పెద్దలు పేకాటలో మునగడం ఏ యజమానీ ఆపగలిగినవి కావు. మునిగేవారు సినిమాలలోలాగా కేకలు వేయరు. ఎక్కువసార్లు చప్పుడు లేకుండానే జరిగిపోతుంది. ఒక పెద్ద మనిషి, చేతిలో ఫోను లేకుండా, కన్ను తిప్పకుండా గట్టు మీద కూర్చోవడానికి మించిన రక్షణ ఏ పరికరమూ ఇవ్వలేదు.

ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 2021లో చేసిన తీర్మానం ప్రకారం ఏటా జూలై 25ను మునక మరణాల నివారణ దినంగా పాటిస్తున్నాము. ఉపన్యాసాలతో ఆ రోజును గడిపే బదులు, రాష్ట్ర ప్రభుత్వాలు తమ అద్దె చట్టాల పట్టికలో ఈత కొలను అనే మాటను చేర్చి, మూసే బాధ్యత ఎవరిదో ఒక్క వాక్యంలో రాస్తే అది నిజమైన పాటింపు అవుతుంది. ఆ వాక్యం రాకముందే, ఈ వారాంతంలోనే, ఎక్కడో ఒక ఫాంహౌస్‌లో పిల్లలు నీటిలోకి దిగుతారు. దిగేముందు ఇంటి పెద్ద ఎవరైనా అడుగున జాలీ కనిపిస్తున్నదా అని ఒకసారి వంగి చూడాలి. కనిపించకపోతే ఆ పూట ఎవరినీ దిగనివ్వకూడదు.